రేపే శనివారం: అనుకున్న పూటే మాలకొండకు వెళ్ళి రావడం ఎలా

తిరుమలకు అనుకోగానే బయల్దేరే రోజులు పోయాయి. మూడు వందల టికెట్టు నెలల ముందే పట్టుకోవాలి, గది దొరకాలి, ఆ రెండూ కుదిరేసరికి వెళ్దామన్న ఉత్సాహమే సగం చల్లారిపోతుంది. మాలకొండ నరసింహస్వామి దగ్గరికి వెళ్ళడానికి ఆ బాధ లేదు. చలికాలంలో ఏ శుక్రవారం సాయంత్రం మనసులో పడినా శనివారం పొద్దున స్వామి ముందు నిలబడొచ్చు. షరతు ఒక్కటే, అది శనివారం అయి ఉండాలి. మిగతా ఆరు రోజులూ గుడి తలుపులు తెరవరు. ఆ రోజుల్లో దేవతలు, రుషులు వచ్చి స్వామిని కొలుచుకుంటారని, మనుషులకు మిగిలింది శనివారం ఒక్కటేనని ఇక్కడి వాళ్ళ నమ్మకం. ఎక్కడో దూరం నుంచి వచ్చి, బుధవారం నాడు మూసిన తలుపులకు దండం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఇప్పటికీ ఉంటారు. కాబట్టి క్యాలెండరు చూడటమే మొదటి పని.

మాలకొండ కందుకూరు నుంచి పామూరు వెళ్ళే వైపు, వలేటివారిపాలెం మండలంలో ఉంది. కందుకూరు నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు. ఏ జిల్లా అని మాత్రం అడక్కండి. 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడినప్పుడు కందుకూరు ప్రాంతం నెల్లూరు నుంచి అటు పోయింది, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది, 2025 చివర్లో చేసిన మార్పుల్లో తిరిగి ప్రకాశంలోకి పోయింది. గూగుల్ మ్యాప్‌లో జిల్లా పేరుతో కాకుండా ‘మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి, మాలకొండ’ అని వెతకండి. ఈ రెండు జిల్లాల్లో మాల్యాద్రి, మాలకొండయ్య, మాలకొండమ్మ, మాలకొండారెడ్డి అనే పేర్లు లేని ఊరు కనపడదు. దారి తప్పితే ఎవరినైనా ఆపి అడగండి, వాళ్ళింట్లోనే ఒక మాలకొండయ్య ఉంటాడు.

వారం చూశారు, ఇప్పుడు వాన చూడండి

మన వైపు చలికాలం అంటే ముందు వాన, తర్వాతే చలి. తెలంగాణలో నవంబరుకే స్వెట్టర్లు బయటికొస్తాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మాత్రం ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా వదలవు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో బంగాళాఖాతంలో ఏ వాయుగుండం పుట్టినా ముందు మన నెత్తినే పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నెల్లూరు జిల్లాను అది ఎలా తడిపిందో ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

అందుకే డిసెంబరు నెలలో అయితే శుక్రవారం రాత్రి వాతావరణ శాఖ హెచ్చరిక ఒకసారి చూడండి. తుఫాను మాట వినిపిస్తే ఈ వారం మానుకోండి, స్వామి వచ్చే శనివారం కూడా అక్కడే ఉంటాడు. మామూలు జల్లు అయితే ఫరవాలేదు. పెద్ద వాన పడి రెండు రోజులే అయితే మాత్రం ఊరి రోడ్లు పట్టుకుని అడ్డదారిన పోవద్దు. మన్నేరులో కలిసే చిన్న వాగులు చప్టాల మీదుగా పారుతుంటాయి. నీళ్ళు మోకాలి లోతే కదా అని బండి దింపినవాళ్ళ వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం.

నన్నడిగితే డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా ఉన్న శనివారాలే మంచివి. వానలు తగ్గుముఖం పడతాయి, కొండ మీద పచ్చదనం ఇంకా ఎండిపోదు, ధనుర్మాసం కూడా. సంక్రాంతి సెలవుల్లో పడే శనివారం నాడు మాత్రం హైదరాబాదు, బెంగళూరు కార్లన్నీ అక్కడే ఉంటాయి. జనంలో పడి దర్శనం చేసుకోవడం మీకు ఇష్టమైతే అది వేరే మాట.

ఇంతా చేసి చేతిలో ఉన్న సెలవు ఆదివారమో సోమవారమో అయితే మాలకొండను వదిలేసి పెంచలకోనకో భైరవకోనకో పొండి. రెండూ రోజూ తెరిచే ఉంటాయి. నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన. వెలిగొండల అడుగున ఉన్న ఆ స్వామి కూడా నరసింహుడే, చెంచులక్ష్మిని పెళ్ళాడిన చోటని చెప్పుకుంటారు. భైరవకోన సి.ఎస్.పురం మండలంలో ఉంది. కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. వానలు బాగా పడిన ఏడాది చలికాలంలోనే దాన్ని చూడాలి.

శుక్రవారం రాత్రి పది నిమిషాల పని

పెద్ద సంచి సర్దకండి. ఈ యాత్రలో ఉన్న సుఖమే అది. కొండ మీద రాత్రి ఉండే పని లేదు, సాయంత్రానికి గుడి మూసేస్తారు, పొద్దు వాలేలోపు అందరూ దిగిపోతారు. వెళ్ళిన రోజే తిరిగి వచ్చేస్తారు కాబట్టి బట్టల జత కూడా అవసరం లేదు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, చిన్నపిల్లలు తప్ప.

తలకో మఫ్లరో మంకీ క్యాపో, ఒక పల్చటి శాలువా చాలు. తెల్లవారుజామున బండి మీద చెవులకు గాలి తగులుతుంది గానీ తొమ్మిది దాటితే అవన్నీ సంచిలోకే పోతాయి. ఒక టార్చి, రెండు లీటర్ల నీళ్ళు. పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ బీపీ, షుగరు మాత్రలు పొద్దునవీ మధ్యాహ్నానివీ వేరు వేరు పొట్లాల్లో కట్టి వాళ్ళ చేతికే ఇవ్వండి. ‘నా బ్యాగులో ఉన్నాయిలే’ అన్న కొడుకు క్యూలో ఎక్కడో ఉంటాడు, మాత్ర వేసుకోవాల్సిన తల్లి ఇంకెక్కడో ఉంటుంది.

డబ్బు నోట్లుగా పెట్టుకోండి. పది, ఇరవై, యాభై నోట్లు ఎక్కువగా ఉండాలి. టెంకాయ కొట్టు ముందు క్యూఆర్ బోర్డు ఉంటుంది, కానీ వేల మంది ఒకేసారి ఫోను తీసే చోట సిగ్నల్‌ను నమ్ముకోకూడదు.

శుక్రవారం రాత్రి నుంచే నీసు ముట్టకూడదన్నది చాలా ఇళ్ళలో పట్టింపు. మధ్యాహ్నమే చేపల పులుసు వండేశారంటారా, రాత్రికి దాన్ని వదిలేసి పెరుగన్నంతో సరిపెట్టుకుని పొద్దున తలస్నానం చేసి బయల్దేరండి, చాలు. అనుకోకుండా వెళ్ళే వాళ్ళకు ఇంతకు మించి నియమాలు ఎవరూ పెట్టరు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఎక్కే ముందు పాలో అరటిపండో తీసుకోవాలి. ఖాళీ కడుపుతో మెట్లెక్కి కళ్ళు తిరిగి కూర్చోవడం భక్తి కిందికి రాదు.

ఎలా చేరుకోవాలి

ఒంగోలు వైపు నుంచి వచ్చేవాళ్ళు హైవే మీద టంగుటూరు, సింగరాయకొండ దాకా వచ్చి కందుకూరు వైపు తిరగాలి. నెల్లూరు నుంచి అయితే కావలి దాటి ఉలవపాడు దగ్గర హైవే వదిలితే కందుకూరు. ఉలవపాడు అనగానే మామిడి గుర్తొస్తుంది గానీ చలికాలం దాని కాలం కాదు, ఆశ పడకండి.

హైదరాబాదు నుంచి రావాలంటే రాత్రి సికింద్రాబాద్‌లో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే ఒంగోలు. అయితే ఒక చిక్కుంది. తత్కాల్ టికెట్లు రైలు బయల్దేరే ముందు రోజు ఏసీకి పది గంటలకు, స్లీపర్‌కు పదకొండు గంటలకు తెరుస్తారు. శుక్రవారం రాత్రి రైలుకు తత్కాల్ అంటే గురువారమే చేసుకోవాలి. శుక్రవారం ఆఫీసులో కూర్చుని అనుకున్నవాళ్ళకు అది దాటిపోయినట్టే. చార్టు తయారయ్యాక మిగిలిన బెర్తులకు కరెంట్ బుకింగ్ చూడండి. అదీ లేకపోతే ఒంగోలు బస్సు పట్టుకోండి. టెన్షన్ పడి జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వచ్చి పొద్దున కొండ ఎక్కడం కుర్రాళ్ళకు సరే, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు వద్దు.

కందుకూరు చేరాక శనివారం నాడు దారి అడగాల్సిన పని ఉండదు. బస్టాండులో మాలకొండ బస్సుల దగ్గర పసుపు రాసుకున్న పాదాలు, టెంకాయ సంచులు, నల్లబట్టల అయ్యప్ప స్వాములు కనపడతారు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా, ఈ రాష్ట్రం చిరునామా ఉన్న ఆధార్ కార్డు మర్చిపోకండి. బస్సుకు స్పెషల్ అని బోర్డు ఉంటే ఎక్కే ముందే కండక్టర్ని అడిగేయండి. ఎక్కి కూర్చున్నాక వాదన పెట్టుకుంటే వెనకున్న యాభై మందికీ ఆలస్యం.

సొంత బండి అయితే

నెల్లూరు, ఒంగోలు ఎక్కడి నుంచైనా నాలుగున్నరకు ఇంట్లోంచి కదలాలి. ఎనిమిది దాటాక చేరితే పార్కింగు దగ్గరే మీ సహనం సగం ఖర్చయిపోతుంది. ఇంత పొద్దున బయల్దేరడంలో ఒక ఇబ్బంది కూడా ఉంది, మంచు. జనవరిలో కందుకూరు దాటాక పొలాల మీద మంచు పరుచుకుంటే ముందు కారు వెనక లైట్లు తప్ప ఏమీ కనపడవు. అప్పుడు హై బీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మీ కళ్ళలోకే కొడుతుంది. లో బీమ్‌లోనే పెట్టుకుని, వేగం తగ్గించి, రోడ్డు పక్క తెల్లగీతను చూసుకుంటూ పొండి.

మంచు కన్నా నాకు భయం ట్రాక్టర్లంటే. శనివారం తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రక్కులో పట్టా పరుచుకుని, ముసలీ ముతకా పిల్లాజెల్లా కూర్చుని కొండకు బయల్దేరతారు. చాలా ట్రక్కులకు వెనక లైటు ఉండదు, ఎర్ర రేకు ముక్క కూడా ఉండదు. యాభై అడుగుల దూరంలోకి వచ్చేదాకా అక్కడ ముప్పై మంది కూర్చుని ఉన్నారన్న సంగతే తెలియదు. ట్రాక్టర్లో వెళ్ళేది మీరే అయితే వెనక తలుపుకు ఒక టార్చి కట్టి వెలిగించి ఉంచండి, మెరిసే స్టిక్కరు దొరికితే అదీ అంటించండి.

తెల్లవారాక ఈ దారి చూడటానికి బాగుంటుంది. రెండు పక్కలా పొగాకు. కందుకూరు, పామూరు, కనిగిరి ప్రాంతమంతా చలికాలంలో దాని మీదే బతుకుతుంది. సంక్రాంతి దాటాక పొలం పక్క బ్యారన్లలో, అంటే పొగాకు ఆరబెట్టే గదుల్లో, ఆకు వేడికి ఆరుతూ ఉంటుంది. కిటికీ దింపితే ఆ తియ్యటి ఘాటు లోపలికి వస్తుంది. కంది కోతల రోజుల్లో రోడ్డు మీదే కట్టెలు పరిచి ఆరబెడతారు. వాటి మీద సడన్ బ్రేకు వేస్తే టూ వీలరు జారిపోతుంది, గుర్తుంచుకోండి.

కొండ ఎక్కి స్వామిని చూడటం

పైకి మెట్ల దారి ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. కాళ్ళలో సత్తువ ఉంటే ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు బండి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. అలా చేస్తే మర్నాడు ఆదివారం మంచం దిగేటప్పుడు మోకాళ్ళు గుర్తు చేస్తాయి. దిగడమే మోకాళ్ళ మీద ఎక్కువ బరువు వేస్తుంది. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు వేడెక్కి పట్టవు.

చెప్పులు కారులోనో టెంకాయ కొట్టు దగ్గరో విడిచేయండి. పొద్దున బండలు చల్లగా జివ్వుమంటాయి, పదకొండు దాటేసరికి చలికాలమైనా అరికాళ్ళు కాలతాయి. తొందరగా వెళ్ళమనేది ఇందుకు కూడా. టెంకాయ, అరటిపళ్ళు చేతిలో పట్టుకుని ఊపుకుంటూ నడవకండి. కోతికి మీ మొక్కుతో పని లేదు. గుడ్డ సంచిలో వేసి మూతి ముడేయండి, పాలిథీన్ కవరు చప్పుడు వింటేనే అవి చుట్టుముడతాయి.

స్వామి జ్వాలా నరసింహుడు. అగస్త్యుడు ఇక్కడ తపస్సు చేస్తే ప్రత్యక్షమయ్యాడని, విష్ణుమూర్తి మెడలోని వనమాలే ఆయన కోసం కొండగా మారిందని, అందుకే ఇది మాల్యాద్రి అని స్థలపురాణం. గర్భగుడి ముందు నిలబడే సమయం చాలా తక్కువ. ముడుపు కట్టిన గుడ్డ, హుండీలో వేసే డబ్బు, చంటిపిల్ల, ఇవన్నీ క్యూలో ఉండగానే ఎవరి చేతిలో ఏది ఉండాలో చూసుకోండి. లోపలికి వెళ్ళాక వెతుక్కుంటే వెతకడంతోనే దర్శనం అయిపోతుంది.

చీలిక దారి

స్వామి దర్శనం అయ్యాక కిందికి దిగిపోకండి. దూరం నుంచి వచ్చిన వాళ్ళలో కొందరు ఇక్కడే తిరుగుముఖం పడతారు. ఇంకా పైన అమ్మవారు ఉంది. స్వామి మీద అలిగి ఆమె పైకి వెళ్ళిపోతుంటే కొండే రెండుగా చీలి దారి ఇచ్చిందంటారు. ఇప్పటికీ ఆ చీలికలోంచే వెళ్ళాలి.

రెండు పెద్ద బండల మధ్య ఒక్క మనిషి పట్టేంత సందు. ముందు నిలబడి చూస్తే ‘నేనెక్కడ పడతాను’ అనిపిస్తుంది. ఎంత లావు మనిషైనా మనసులో అమ్మను తలుచుకుంటే అవతలికి వెళ్ళిపోతాడని ఇక్కడివాళ్ళు ధైర్యం చెబుతారు. తలుచుకోవడంతో పాటు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వీపు మీది బ్యాగు తీసి చేత్తో ముందు పట్టుకోండి. ప్యాంటు జేబులోని ఫోను, తాళాలు కూడా బ్యాగులో వేసేయండి, లేకపోతే రాయికి ఒరుసుకుని స్క్రీను పోతుంది. ఆడవాళ్ళు చెంగు నడుముకు దోపుకోవాలి. ఒక భుజం ముందుకు పెట్టి పక్కవాటుగా జరగాలి. ఎదురు రొమ్ముతో తోసుకుంటూ పోతే ఇరుకు ఇంకా ఎక్కువనిపిస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టకండి, వదిలేస్తేనే ఒళ్ళు సన్నబడుతుంది.

‘సంచి ముందుకు తిప్పుకో తల్లా, ఇరుక్కుంటావు’ అని వెనక నుంచి ఏ అవ్వో చెబుతూనే ఉంటుంది. ఆమె మాట వినండి, ఎన్ని శనివారాలు చూసిందో. లోపల బండ చల్లగా, చేతులు రాసీ రాసీ నున్నగా ఉంటుంది. పైన సన్నటి ఆకాశం గీత తప్ప వెలుతురు ఉండదు. ముందున్న మనిషి ఆగితే మీరూ ఆగాలి, తోయకండి. సెల్ఫీ కోసం మధ్యలో నిలబడేవాడి మీద ఎవరికీ భక్తి మిగలదు. ఇరుకులో ఊపిరి ఆడనట్టు భయపడేవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు రద్దీ పెరగకముందే వెళ్ళాలి, లేదంటే మొదట్లోనే నిలబడి దండం పెట్టుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుని దూరొద్దు. నడవగలిగిన పిల్లను ముందు పెట్టుకుని భుజం మీద చెయ్యి వేసి నడిపించండి, వాళ్ళే మనకన్నా చులాగ్గా దాటేస్తారు.

భోజనం

శనివారం సత్రాల్లో అన్నదానం ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేకొద్దీ వరస పెరుగుతుంది కాబట్టి దర్శనం పెందలాడే అయినవాళ్ళు మొదటి పంక్తిలో కూర్చోండి. తిన్న విస్తరి మీరే తీసి పారేయండి, వీలైతే నలుగురికి వడ్డించి రండి. ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్ళకు చింతపండు పులిహోరను మించింది లేదు, చలికాలంలో సాయంత్రం దాకా చెక్కుచెదరదు. పెరుగన్నం కలిపేటప్పుడు సగం పాలు పోయండి, లేకపోతే పన్నెండింటికే పులిసిపోతుంది.

తిరుగు ప్రయాణం

మూడు గంటలకల్లా కొండ దిగి ఉండాలని పెట్టుకోండి. నాలుగు తర్వాత అందరూ ఒకేసారి దిగుతారు, ఘాట్ రోడ్డులో బండ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతాయి. బస్సు మనుషులైతే ఇంకా ముందు, ఎందుకంటే కందుకూరు బస్సులో సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేసే పోటీ అప్పటికే మొదలై ఉంటుంది. డిసెంబరులో ఆరు గంటలకే చీకటి పడుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి, పొద్దున చెప్పిన ట్రాక్టర్లు అదే దారిన వెనక్కి వస్తుంటాయి.

రైలు రాత్రికి ఉండి మధ్యలో టైము మిగిలితే పాత సింగరాయకొండలో వరాహ లక్ష్మీనరసింహస్వామిని కూడా చూసుకోవచ్చు. సింగరాయకొండ స్టేషనులో అన్ని రైళ్ళూ ఆగవు. మీ రైలు ఆగుతుందో లేదో కందుకూరులో ఉండగానే చూసుకోండి, ఆగకపోతే తిన్నగా ఒంగోలు బస్సెక్కేయండి.